అటూ ఇటూ కాని మూలకాలు

పదో తరగతి సైన్సు పుస్తకం లో ఆవర్తన పట్టిక గుర్తుందా? కుడి పక్కన మెట్లు మెట్లుగా ఒక గీత దిగుతుంది. గీతకి ఎడమ పక్క లోహాలు, కుడి పక్క అలోహాలు. ఆ గీత మీదే కూర్చున్న కొన్నిటిని అర్ధలోహాలు అంటారు: బోరాన్, సిలికాన్, జెర్మేనియం, ఆర్సెనిక్, ఆంటిమొని, టెల్లూరియం. (చివరి దానికీ తెలుగుకీ చుట్టరికం లేదు. లాటిన్ లో టెల్లస్ అంటే భూమి.) సెలీనియం, పొలోనియం లాంటి వాటిని కొందరు కలుపుతారు, కొందరు కలపరు. పరీక్ష లో ఇది ఒక మార్కు ప్రశ్న. "లోహ, అలోహ ధర్మాలు రెండూ కలిగిన మూలకాలను ఏమంటారు?" ఒక ముక్క రాసేసి అందరం ముందుకెళ్ళిపోయాం.

నేను చెప్పొచ్చేదేమంటే, ఆ ఒక్క మార్కు ప్రశ్న లో ఉన్న మూలకాలే మన ప్రాంత చరిత్ర లో మూడు ముఖ్యమైన పనులు చేశాయి. ఒకటి మనకి అచ్చు అక్షరాలిచ్చింది. ఒకటి మనకి ఉద్యోగాలిచ్చింది. ఒకటి మన నీళ్ళ లో విషమై కూర్చుంది. మా ఊరు గజ్వేల్. 2016 అక్టోబర్ దాకా మెదక్ జిల్లా, ఆ తర్వాత సిద్దిపేట జిల్లా. ఈ మూడు కథలూ ఆ పాత మెదక్ జిల్లా చుట్టుపక్కల తిరిగేవే కాబట్టి ఈ టపా రాయాలనిపించింది.

ముందు కాస్త బేసిక్స్, ఓపిక పట్టండి. లోహాన్ని సుత్తి తో కొడితే సాగుతుంది, మెరుస్తుంది, కరెంటు బాగా పారుతుంది. అలోహాన్ని కొడితే పొడవుతుంది, మెరవదు, కరెంటు పారదు. (గ్రాఫైట్ లాంటి మినహాయింపులున్నాయి, వదిలేయండి.) అర్ధలోహం చూడటానికి లోహం లా మెరుస్తుంది, కొడితే మాత్రం గాజు పెంకులా పగులుతుంది. కరెంటు సంగతి ఇంకా తమాషా. స్వచ్ఛమైన సిలికాన్ లో కరెంటు రాగి తో పోలిస్తే దాదాపు పదివేల కోట్ల రెట్లు తక్కువ పారుతుంది. గంధకాన్ని తీసుకుంటే సిలికాన్ నుంచి మళ్ళీ ఇంచుమించు అంతే దూరం కిందికి ఉంటుంది. అంటే "మధ్యలో ఉంటుంది" అన్నది మాటవరసకి చెప్పింది కాదు, రెట్ల లెక్కన చూస్తే నిజంగానే నట్టనడుమ ఉంది.

ఇంకో తేడా వేడి దగ్గర. రాగి తీగని వేడి చేస్తే కరెంటు పారటం తగ్గుతుంది. సిలికాన్ ని వేడి చేస్తే పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది కల్తీ. రాగి లో చిటికెడు వేరే పదార్థం కలిస్తే వాహకత కొంచెం తగ్గుతుంది, అంతే. సిలికాన్ లో కోటి అణువులకి ఒక్క ఫాస్ఫరస్ అణువు కలిపితే వాహకత లక్ష రెట్లకి పైగా పెరిగిపోతుంది. లోహం గుణం దాదాపు స్థిరం. అర్ధలోహం గుణం మాత్రం పక్కన ఎవరున్నారు, ఎంత వేడి ఉంది అన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఇంతకీ ఈ వర్గీకరణ ఎప్పటిది? మెటలాయిడ్ అనే మాటని 1811 లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ వాడాడు, కానీ అలోహాలన్నిటికీ కలిపి వాడాడు. ఇప్పుడు మనం చదువుకునే అర్థం స్థిరపడటానికి వందేళ్ళకి పైగా పట్టింది. పేరు పెట్టటానికే పాశ్చాత్యులు అంత తడబడ్డారు.

మన వైపు సంగతి చూస్తే ఆసక్తిగా ఉంటుంది. రసశాస్త్ర గ్రంథాల్లో, ముఖ్యంగా రసరత్నసముచ్చయం లో, పదార్థాలని గుంపులుగా విడదీశారు. బంగారం, వెండి, రాగి, ఇనుము, సీసం, తగరం లాంటివి లోహాలు. ఉపరసాలు అని ఇంకో గుంపు, అందులో ఎనిమిది. వాటిలో గంధకం ఉంది, హరితాళం ఉంది, మణిశిల ఉంది, అంజనం ఉంది. హరితాళం, మణిశిల అంటే పసుపుపచ్చగా ఒకటి, ఎర్రగా ఒకటి ఉండే ఆర్సెనిక్ ఖనిజాలు. అంజనాల్లో ఒక రకం ఆంటిమొని ఖనిజం. అంటే ఆర్సెనిక్, ఆంటిమొని ఖనిజాలని లోహాల పక్కన కాకుండా గంధకం పక్కన పెట్టారు.

ఇక్కడ "మనవాళ్ళకి అన్నీ ముందే తెలుసు" అని చొక్కా ఎగరేసే బాపతు కాదు నేను. వాళ్ళు చూసింది ఖనిజాలని, విడి మూలకాలని కాదు. అణువులు, ఎలక్ట్రాన్ల ఊసు వాళ్ళకి లేదు. కానీ కొలిమి ముందు కూర్చుని, ఏది కరుగుతుంది, ఏది పొగై పోతుంది అని చూసిన మనుషులు వాళ్ళు. ఆర్సెనిక్ మామూలు పీడనం లో కరగదు, 615 డిగ్రీల దగ్గర నేరుగా ఆవిరైపోతుంది. రాగి, సీసం చేసే పని కాదది. శ్రీశైలం చుట్టూ రసవాదుల కథలు మనకి బోలెడు. ఆ కథల్లో బంగారం తయారు చేశారన్న భాగం పక్కన పెట్టినా, గమనించి గుంపులు కట్టిన భాగం మాత్రం నిజమైన పని. (పాతబస్తీ లో సుర్మా కొనే వాళ్ళకి ఒక మాట. పేరు ఆంటిమొనిది అయినా ఇప్పుడు అమ్మే సుర్మాల్లో చాలావాటిలో ఉండేది సీసం ఖనిజం. పిల్లల కళ్ళకి పెట్టకండి.)

ఇక మొదటి కథ, ఆంటిమొని.

యూనికోడ్ తెలుగు లో టకటకా కొట్టేస్తున్నాం కదా, ఒక వంద ఏళ్ళు వెనక్కి వెళ్దాం. అక్షరం అంటే అప్పుడు చేతిలో పట్టుకోగలిగే లోహపు ముక్క. కంపోజిటర్ నిలబడి, గళ్ళ పెట్టె లోంచి ఒక్కో అక్షరం ఏరి పేర్చాలి. ఇంగ్లీషుకి ఒక వంద గళ్ళు సరిపోతాయేమో గానీ, గుణింతాలు, వత్తులు ఉన్న తెలుగుకి వందల రకాల అచ్చులు కావాలి. ఈ అచ్చుల్ని దేనితో పోత పోయాలి? సీసం తేలికగా కరుగుతుంది, కానీ మెత్తన. నాలుగు సార్లు నొక్కితే అంచులు అరిగిపోతాయి. పైగా చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, దాంతో అక్షరం మూలలు సరిగ్గా రావు. మన వత్తుల సన్నని కొసలు అసలే రావు.

అందుకే సీసం లో ఆంటిమొని, కొంచెం తగరం కలిపారు. విడి అచ్చులకి వాడే మిశ్రమం లో ఆంటిమొని ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉండేది. ఆంటిమొని ఒంటరిగా ఉంటే పెళుసు, ఏ పనికీ రాదు. కానీ గడ్డకట్టేటప్పుడు చాలా లోహాల్లా ముడుచుకోకుండా కాస్త వ్యాకోచిస్తుంది. సీసం తో కలిస్తే దాన్ని గట్టిపరుస్తుంది, ముడుచుకోవటాన్ని బాగా తగ్గిస్తుంది. ఇది లోహానికి ఉండే మామూలు గుణం కాదు, అర్ధలోహం బుద్ధి. తగరం పని మిశ్రమం అచ్చు మూలమూలలకీ పారేలా చూడటం.

ఇప్పుడు మన చరిత్ర లోకి రండి. నిజాం రాజ్యం లో పాలన భాష ఉర్దూ. తెలుగు బడులు తక్కువ, తెలుగు పత్రికలు ఇంకా తక్కువ. 1926 లో సురవరం ప్రతాపరెడ్డి గారు హైదరాబాద్ లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు, వారానికి రెండు సార్లు వచ్చేది. 1930 లో మొదటి ఆంధ్రమహాసభ జరిగింది మా పాత మెదక్ జిల్లా లోని జోగిపేట లో, దానికి అధ్యక్షుడూ ఆయనే. తెలంగాణ లో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, వాదించుకుంటూ కూర్చోకుండా 1934 లో గోలకొండ కవుల సంచిక అచ్చేసి 354 మంది కవుల్ని చూపించారు. డేటా తో సమాధానం చెప్పటం అంటే అది!

ఆ 354 మంది పేర్లు, పద్యాలు మన దాకా వచ్చింది సీసం, ఆంటిమొని, తగరం కలిసిన అచ్చుల మీదుగానే. పత్రిక వెనక ఉన్న పట్టుదల, చందాలు కట్టిన వాళ్ళ ప్రేమ అసలు కారణం, అందులో సందేహం లేదు. కానీ వత్తు విరక్కుండా కాగితం మీద పడాలంటే ఎవరో ఒకరు ఆ పెళుసు పదార్థం విలువ కనిపెట్టి ఉండాలి కదా. మన భాషాభిమాన సభల్లో ఎవరూ ఆంటిమొనికి దండ వేయరు గానీ, వేయొచ్చు.

రెండో కథ మనందరికీ దగ్గరిది.

1871 లో మెండలీవ్ తన పట్టిక లో సిలికాన్ కింద ఒక గడి ఖాళీ వదిలి, ఇక్కడ ఒక మూలకం దొరుకుతుంది, పరమాణు భారం 72 ఉంటుంది, సాంద్రత 5.5 ఉంటుంది అని రాశాడు. 1886 లో జర్మనీ లో వింక్లర్ కి జెర్మేనియం దొరికింది. భారం 72.6, సాంద్రత 5.35. అయితే దొరికిన తర్వాత అరవై ఏళ్ళు దానికి పెద్ద పనేం లేదు. 1947 డిసెంబర్ లో బెల్ ల్యాబ్స్ లో బార్డీన్, బ్రాటెన్ మొదటి ట్రాన్సిస్టర్ చేసింది ఆ జెర్మేనియం ముక్క మీదే. వేడెక్కితే జెర్మేనియం మాట వినదు కాబట్టి 1954 నుంచి సిలికాన్ ట్రాన్సిస్టర్లు మొదలయ్యాయి. మిగతాది మీకు తెలిసిందే, మన జీతాలన్నీ ఆ సిలికాన్ మీద నుంచే.

హైదరాబాద్ లో ఈ కథ హైటెక్ సిటీ తో మొదలైందనుకునే వాళ్ళు చాలామంది. కాదు. 1967 లో ఏ.ఎస్.రావు గారి ఆధ్వర్యం లో ఈసీఐఎల్ మొదలైంది. 1969 లో వాళ్ళు టీడీసీ-12 అనే కంప్యూటర్ ని తయారు చేశారు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ అనే ప్రయోగం జరిగింది. ఉపగ్రహం నుంచి నేరుగా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పల్లెల్లో పెట్టిన ఆ సెట్లు ఈసీఐఎల్ చేసినవి. కరెంటే సరిగ్గా లేని రోజుల్లో ఒక పల్లె జనం చెట్టు కింద కూర్చుని తెలుగు లో వ్యవసాయం ప్రోగ్రాం చూశారంటే, ఆ పెట్టె లోపల పని చేసింది అర్ధలోహాలే.

మరి సిలికాన్ చిప్పునే ఇక్కడ ఎందుకు చేయలేకపోయాం? ప్రయత్నం జరిగింది. 2006 లో ఫ్యాబ్ సిటీ అన్నారు, రంగారెడ్డి జిల్లా రావిర్యాల దగ్గర భూములు చూపించారు, సెమ్ఇండియా అనే సంస్థ 300 కోట్ల డాలర్ల తో చిప్పుల ఫ్యాక్టరీ పెడుతుందన్నారు. రాలేదు. తర్వాత సోలార్ కంపెనీలు వచ్చాయి. సోలార్ పలక కూడా సిలికానే లెండి, కానీ చిప్పు స్థాయి స్వచ్ఛత వేరే లోకం. చిప్పుకి వాడే సిలికాన్ లో వంద కోట్ల అణువులకి ఒక్క పరాయి అణువు ఉన్నా ఎక్కువే. పైన చెప్పాను కదా, కోటికి ఒక్కటి కలిస్తేనే గుణం లక్ష రెట్లు మారిపోతుందని. ఆ క్రమశిక్షణకి నీళ్ళు, కరెంటు, గాలి, మనుషులు అన్నీ ఏళ్ళ తరబడి నమ్మకంగా ఉండాలి. భూమి, రాయితీ ఇస్తే అయిపోయే పని కాదు.

అలాగని ఏమీ లేదనుకోకండి. చర్లపల్లి లో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. అక్కడ టెల్లూరియం, జెర్మేనియం లాంటి పదార్థాలని అతి స్వచ్ఛంగా చేయటం మీదే పని. ఆ రోడ్డు లో తిరిగే ఐటీ జనం లో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. మన గుట్టల్లో కనిపించే తెల్లటి పలుగురాయి లో ఉండేది సిలికానూ ఆక్సిజనూ. మా గజ్వేల్ చుట్టుపక్కల పొలాల్లో దున్నేటప్పుడు అడ్డమొచ్చిందని గట్టు మీద పారేస్తారు. ఆ రాయికీ నా లాప్‌టాప్ కీ మధ్య ఉన్నది పదార్థం తేడా కాదు, శుద్ధి తేడా.

మూడో కథ చెప్పటం కష్టం.

1970ల్లో పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చింది. అదీ పాత మెదక్ జిల్లాయే. ఉద్యోగాలొచ్చాయి, మందుల కంపెనీలొచ్చాయి, వాటి వ్యర్థాలు నక్కవాగు లోకి, అక్కణ్ణుంచి మంజీరా వైపు వెళ్ళాయి. 1990 లో విషయం సుప్రీంకోర్టుకి వెళ్ళింది, ఏళ్ళ తరబడి నడిచింది. శాస్త్రవేత్తలు అక్కడి మట్టిని, బావుల నీళ్ళని పరీక్షిస్తే బయటపడిన వాటిలో ఒకటి ఆర్సెనిక్. బెంగాల్ లో లాగా రాళ్ళ లోంచి సహజంగా దిగింది కాదది, పశువుల మందుల తయారీ వ్యర్థాల నుంచి వచ్చిందని అధ్యయనాలు చెప్పాయి. అక్కడ నష్టపోయింది ఎవరు? వాగు పక్కన పొలం, బావి తప్ప వేరే దారి లేని రైతులు.

రిపోర్టుల్లో ఆర్సెనిక్ ని "భార లోహాలు" అనే శీర్షిక కింద వేస్తారు. సీసం, కాడ్మియం, క్రోమియం, వాటి పక్కన ఆర్సెనిక్. రాసుకోవటానికి సులువే. కానీ అది లోహం లా ప్రవర్తించదు, అక్కడే చిక్కంతా.

మన తెలంగాణ నీళ్ళ లో మూడు రకాల వాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్లోరైడ్ అలోహం. నల్గొండ లో తరాల తరబడి ఎముకల్ని వంచింది. దాన్ని పటిక, సున్నం తో తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పెట్టారు. ఇక సీసం లాంటి లోహాలు. నీళ్ళ లో చాలావరకు ధనావేశం తో ఉంటాయి, సున్నం వేసి క్షారగుణం పెంచితే చాలావరకు కింద పేరుకుంటాయి. ఆర్సెనిక్ ఈ రెండు దార్లలోనూ నడవదు. నీళ్ళ లో రెండు రూపాల్లో ఉంటుంది. ఆర్సెనేట్ రూపం లో రుణావేశం ఉంటుంది, ఇనుము తుప్పు లాంటి పదార్థానికి అతుక్కుంటుంది, కాబట్టి తీసేయొచ్చు. ఆర్సెనైట్ రూపం లో, మామూలు తాగునీళ్ళ లో, ఏ ఆవేశమూ ఉండదు. అందుకని చాలా ఫిల్టర్ల నుంచి జారిపోతుంది. ముందు దాన్ని ఆక్సీకరించి ఆర్సెనేట్ గా మార్చి, అప్పుడు పట్టుకోవాలి.

ఒంట్లోకి వెళ్ళాక కూడా ఇదే రెండు ముఖాల వేషం. ఆర్సెనేట్ అచ్చం ఫాస్ఫేట్ లా కనిపిస్తుంది, అంటే పై గడి లో ఉన్న అలోహం ఫాస్ఫరస్ వేషం. కణాలు దాన్ని ఫాస్ఫేట్ అనుకుని లోపలికి రానిస్తాయి. ఆర్సెనైట్ ఏమో ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టేసుకుంటుంది, పాదరసం లాంటి లోహాలు చేసే పని. ఒకే మూలకం, రెండు దొంగదార్లు. అదే మూలకం గాలియం తో కలిసి మన ఫోన్ సిగ్నల్ ని పెంచే చిప్పులో బుద్ధిగా పని చేస్తోంది, అది వేరే సంగతి.

ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లకి వద్దాం. బోరు నీళ్ళో, ట్యాంకర్ నీళ్ళో వస్తాయి. మనవాళ్ళు పెన్ను లాంటి టీడీఎస్ మీటర్ ముంచి, "ఓ, రెండొందలే, సూపర్ వాటర్" అంటారు. ఆ మీటర్ కొలిచేది నీళ్ళ లో కరెంటు ఎంత పారుతోందన్నది. తాగునీటి ప్రమాణం ప్రకారం ఆర్సెనిక్ లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. 0.05 ఉందనుకోండి, అంటే ఐదు రెట్లు ఎక్కువ, అయినా 500 మిల్లీగ్రాముల టీడీఎస్ లో అది పదివేలవ వంతు. మీటర్ కి కనిపించదు. ఆవేశం లేని ఆర్సెనైట్ అయితే కరెంటే మోయదు, అస్సలు కనిపించదు. రుచి ఉండదు, రంగు ఉండదు, మరిగించినా పోదు. ల్యాబ్ లో ఆ ఒక్క పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

మా గజ్వేల్ పక్కన కోమటిబండ లో 2016 ఆగస్టు 7 న మిషన్ భగీరథ ని ప్రధాని ప్రారంభించారు. గోదావరి నీళ్ళు నల్లాల్లోకి వచ్చాయి. రాజకీయాలు పక్కన పెడితే, భూగర్భ జలం మానేసి నది నీళ్ళకి మారటం ఫ్లోరైడ్ కైనా, ఆర్సెనిక్ కైనా మంచి పరిష్కారమే. ఇక్కడ నా అభిప్రాయం ఒకటే. నల్లా వచ్చింది కదా అని బోరు నీళ్ళ పరీక్షలు పక్కన పడేయకూడదు. పశువులు తాగేవి అవే, కూరగాయలకి పారేవి అవే, నల్లా రాని రోజు మనుషులు తాగేవీ అవే. పరీక్ష చేసినప్పుడు కూడా రంగు, వాసన, టీడీఎస్, ఫ్లోరైడ్ తో ఆపేయకుండా, ఫ్యాక్టరీలకి దగ్గరున్న ఊళ్ళలో ఆర్సెనిక్ విడిగా చూడాలి. ఉన్నట్టు తేలితే ఏ రూపం లో ఉందో కూడా చూడాలి, ఎందుకంటే ఏ ఫిల్టర్ పని చేస్తుందో దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మన వృత్తి లో టైప్ తప్పుగా ఇస్తే కంపైలర్ అరుస్తుంది. ఇక్కడ భార లోహం అని రాసి, లోహాలకి పనికొచ్చే ఫిల్టర్ పెట్టేస్తే ఎవరూ అరవరు. పదేళ్ళ తర్వాత ఎవరి అరచేతుల్లోనో మచ్చలు లేస్తాయి. కంపోజిటర్ కి ఆంటిమొని గుణం తెలియాల్సి వచ్చింది, చిప్పు చేసేవాడికి సిలికాన్ గుణం తెలియాల్సి వచ్చింది. నీళ్ళు తాగే మనకి ఆర్సెనిక్ గుణం తెలియక్కర్లేదని ఎవరన్నారు?

ఈ వారం మీ అపార్ట్‌మెంట్ సెక్రటరీని అడిగి పోయిన సారి చేయించిన నీళ్ళ రిపోర్టు తీసుకోండి. అందులో ఆర్సెనిక్ అనే లైను ఉందా? ఉంటే ఎంత? లేకపోతే ఎందుకు లేదు? ఊళ్ళో అమ్మానాన్నల బోరు గురించి కూడా అదే ప్రశ్న. తెలిసింది కింద రాయండి, అందరికీ పనికొస్తుంది.